ఎడమవైపు రాయి

ముందు బండిని గుర్తుపట్టాను. తరవాతే దాన్ని నడుపుకొచ్చిన మనిషిని చూశాను.

విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రోడ్డు పక్కన మా షాపు. మోటారుసైకిళ్ళకి కేరియర్లు, సంచులు, పెట్టెలు, వాటిని నిలబెట్టే ఇనప స్టాండ్లు మా పని. నేను చేసిన స్టాండు ఎక్కడ కనిపించినా పోల్చుకుంటాను. ఇదైతే మరీ తేలిక. కుడివైపు ప్లైవుడ్ పెట్టె. ఎడమవైపు ఖాళీ స్టాండు. ఆ ఖాళీ స్టాండుకి టైరు ట్యూబు ముక్కతో కట్టిన పది కిలోల తూనికరాయి. రాయి మా నాన్నది. ముడి నాది.

నడుపుకొచ్చిన ఆమెకి నలభై దాటి ఉంటాయి. చీర కొంగు నడుముకి బిగించి, పైన మగవాళ్ళ చొక్కా తొడుక్కుంది. బండి దిగుతూనే పని చెప్పేసింది.

"ఈ స్టాండ్లు రెండూ పీకీయండన్నయ్యా. ఎనక నడిమిన ఒకటే పెట్టి ఎట్టాల."

షాపుకి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే. "ఏం మోస్తారమ్మా?"

"గాజులు."

"మరి... ఈ బండాయన?"

"పోనాడు. వానల్లో జొరమొచ్చి పోనాడు. నాను సెల్లిని. సాలూరు సెల్లిని."

సాలూరు చెల్లెలు అనగానే నా చూపు ఆమె చేతుల మీదికి పోయింది. పోకూడదనుకుంటూనే పోయింది. రెండు చేతులకీ ముదురు ఎరుపు గాజులున్నాయి. ఆమె నా చూపుని చూసింది. అలాంటి చూపులు అలవాటైపోయినట్టు ఊరుకుంది.

అటువంటి గాజుల కోసమే ఆయన తన బతుకుతెరువు పోగొట్టుకున్నాడు. చెల్లెలి చేతికి ఏ పెట్టెలోంచి గాజులు తియ్యాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. ఆయన తెరిచిన పెట్టె ఇదిగో, కుడివైపుది.

ఆమెని బల్ల మీద కూర్చోమని, నేను పానా పట్టుకుని బండి పక్కన చతికిలబడ్డాను. తుప్పు పట్టిన బోల్టు లొంగడానికి కాస్త సేపు పడుతుంది. ఆ కాస్త సేపట్లో ఆయన నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

*

మొదటిసారి వచ్చిన రోజు షాపులో మేకులకి వేలాడుతున్న సంచులన్నీ దింపించాడు. మాకు ఏ చుట్టరికమూ లేదు. గుమ్మంలో అడుగుపెడుతూనే "బావా" అన్నాడు, నేనూ అనేశాను.

రెక్సిన్ సంచిని చేత్తో నొక్కి, "దీనికి ఎముకల్లేవు బావా" అని పక్కన పెట్టాడు. రేకు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇది వాగుతాది" అన్నాడు. తిండి ఇళ్ళకి చేరవేసే కుర్రాళ్ళు వెనక పెట్టుకునే పెద్ద చదరపు పెట్టెని తెరిచి లోపల చెయ్యి పెట్టి చూశాడు. "ఇది బావున్నాది. ఇడ్లీలెట్టుకోడానికి." చేపలవాళ్ళు వాడే ప్లాస్టిక్ ట్రేని ముట్టుకోనైనా లేదు.

నా దగ్గరికి పాలక్యాన్లవాళ్ళు, గ్యాసు బండలవాళ్ళు, ఐసు పెట్టెలవాళ్ళు, పెళ్ళిళ్ళకి లైట్లు మోసేవాళ్ళు వస్తారు. ఏం మోస్తారంటే అందరూ కిలోల్లో చెబుతారు. నాకు అర్థమయ్యే భాష అదే. నేను బడికి ఎక్కువ వెళ్ళినవాణ్ణి కాను. మా నాన్న ధాన్యం తూచే కాటా పక్కన కూర్చుని, ఏ పక్క ఎంత పెడితే ముల్లు నిలబడుతుందో చూసి నేర్చుకున్న లెక్కలే నావి. ఆయన మాత్రం కిలోలు చెప్పలేదు.

"ఎంత బరువుంటుంది బావా?"

"బరువు సంగతి నాకు తెల్దు. సప్పుడు కాకూడదు. సప్పుడయ్యిందంటే ఓ డజను పోనట్టే."

సంచులు అరువుకి తీసుకెళ్ళేవాడు. గాజులు నింపుకుని, రైలు గేటు దాకా, ఆ పట్టాల మీంచి అటూ ఇటూ తిప్పి తెచ్చి, నా ముందే విప్పి, పగిలిన ముక్కలు నా అరచేతిలో పోసేవాడు. "సూడు, నీ సంచి ఎన్ని తినీసిందో."

"రోడ్డు గోతులకి నా సంచి ఏం చేస్తుంది?"

"గోతులకి గాజు పగలదు బావా. పెట్టిలో సోటుంటే పగులుతాది. ఒకదాన్నొకటి ఒరుసుకుని కూకున్నాయనుకో, నువ్వు కొండ మీంచి తోసీ, పగలవు."

"నువ్వు పగుల్తావు కదా."

"నాను పగిల్తే ఎవలికేటి నష్టం? నాను డజన్ల లెక్కన రాను."

చివరికి పల్చటి ప్లైవుడ్‌తో పెట్టె, లోపల పాత కంబళి ముక్కలు, అట్ట గొట్టాలకి ఎక్కించిన గాజుల వరసలు నిలువుగా ఇరుక్కుని కూర్చునేలా అరలు, ఇలా కుదిరింది. నిలువుగా పెడితే తక్కువ పగులుతాయని అన్ని రకాలూ పగలగొట్టాక తేలింది.

ఆయన మనుషుల మొహాలు సరిగా చూసేవాడు కాదు. చేతులు చూసేవాడు. గాజుల కొలత మీకు తెలిసే ఉంటుంది. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటారు. అంటే రెండంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగో, ఆరో, ఎనిమిదో. ఈ సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఒక నెంబరుకీ పై నెంబరుకీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతే. ఆ పాటి తేడాకి గాజు ఎక్కదు, లేదా జారిపోతుంది. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చినప్పుడు గ్లాసు అందుకుంటూ, "రెండు ఆరు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ పేరు ఆయనకి రెండారమ్మ. "రెండారమ్మ టీ ఇవ్వదేటి?" అనేవాడు. నా చెయ్యి పట్టుకుని చూసి, "ఇది సెయ్యి కాదు, గునపం" అని వదిలేశాడు.

మా ఇంట్లో ఆయన గాజులు వేస్తుంటే చూశాను. కొబ్బరినూనె రాసుకున్న వేళ్ళతో ఆడవాళ్ళ చెయ్యి మెల్లగా పిసుకుతూ, ఏవో ఊరి కబుర్లు చెబుతూ ఉంటాడు. గాజు బొటనవేలి ఎముక దగ్గరికి రాగానే ఉన్నట్టుండి, "అవునమ్మా, మీ అత్త మొన్న నిన్ను ఏటన్నాది?" అంటాడు. ఆ మనిషి ఫక్కున నవ్వడమో, మండిపడి మొదలుపెట్టడమో జరుగుతుంది. చెయ్యి వదులవుతుంది. గాజు లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది. "కోపమొచ్చినా పరవాలేదు, నవ్వొచ్చినా పరవాలేదు బావా. సెయ్యి బిగబట్టుకుంటేనే కట్టం" అనేవాడు.

*

ఒక పెట్టె కుదిరాక, అలాంటిదే ఇంకోటి కావాలన్నాడు.

"రెండెందుకు? ఒకటే కొంచెం పెద్దది చేసి వెనక పెడితే ఖాళీ పెట్టె బరువు కలిసొస్తుంది."

"రెండు కావాల."

కుడివైపు సైలెన్సర్ ఉంటుంది, వేడికి లక్క గాజులు మెత్తబడతాయి, సరుకు ఎక్కువ ఎడమవైపు పెట్టుకో అన్నాను. వినలేదు. సరుకంతా కుడివైపే ఉండాలన్నాడు. సైలెన్సర్‌కీ పెట్టెకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలి, రేకు అడ్డం పెట్టి స్టాండు చేశాను. ఎడమ స్టాండు మామూలుగానే చేశాను.

రెండు పెట్టెలూ బిగించి బండి పక్క స్టాండు మీద ఆపాడు. గాజులు నింపుకున్నాడు. లోపలికొచ్చి టీ గ్లాసు అందుకున్నాడో లేదో, బండి మెల్లగా కుడివైపుకి వాలిపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయన పరిగెత్తలేదు. గ్లాసు కింద పెట్టి, "అయిపోనాది" అన్నాడు అంతే.

నేను ఎడమ పెట్టె తెరిచి చూశాను. అడుగున ఒక మూల కొద్దిగా గాజులున్నాయి, తక్కినదంతా ఖాళీ. నాకు కోపం వచ్చింది. డజను గాజులు అరవై, అరవై ఐదు గ్రాములు తూగుతాయి. కుడిపెట్టెలో రెండొందల డజన్లు వేసుకుంటే పదమూడు కిలోలు, పెట్టె అయిదు, మొత్తం పద్దెనిమిది. ఎడమవైపు పెట్టెతో కలిపి ఆరు కిలోలైనా లేదు. పక్క స్టాండు బండిని ఎడమవైపుకి వాల్చి నిలబెడుతుంది. కుడివైపు పన్నెండు కిలోలు ఎక్కువ లాగితే అది ఎందుకు నిలబడుతుంది?

"సగం సరుకు ఇటు మార్చు" అన్నాను.

"మార్చకూడదు."

"ఎందుకని?"

ఆయన పగిలిన గాజులు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "ఎడం పెట్టి పదోనాడుకి బావా."

మా వైపు చాలా ఇళ్ళలో, భర్త పోయిన ఆడమనిషికి పదో రోజున పుట్టింటివాళ్ళు కొత్త గాజులు తెస్తారు. చేతుల నిండా వేస్తారు, తలలో పూలు పెడతారు, తెల్లవారకుండా ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి రాయితో పగలగొడతారు. పగలగొట్టడానికే వేసే గాజులవి. అవీ ఎక్కడి నుంచో రావాలి. పెళ్ళికీ సీమంతానికీ తెచ్చినవాడే వాటినీ తెస్తాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"నా ముందోలు ఒకే గంపలో తెచ్చీవోలు. గంప అడుగున గుడ్డ ఏసి, దాని కింద ఎట్టీవోలు" అన్నాడు. "నాకది బాగోనేదు. కడుపుతోటున్న పిల్ల సెయ్యి అట్టుకుంతాం కదా. రెండు పెట్టిలుంటే ఆలకీ ధైరెం, నాకూ ధైరెం."

లోపలికి వెళ్ళి మా నాన్న కాటా తాలూకు పది కిలోల రాయి తెచ్చాను. పైన పట్టుకోడానికి కడియం ఉన్న పాత ఇనప రాయి. కరెంటు కాటాలు వచ్చాక అది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికే పనికొస్తోంది. దాన్ని ఎడమ పెట్టెలో పెట్టాను. మిగిలిన కిలోన్నర రెండు కిలోల తేడాకి నీళ్ళ సీసా వెయ్యమన్నాను. బండి నిలబడింది. ఆయన బండి చుట్టూ తిరిగి వచ్చి, "నీ రాయి నాకు సుట్టమైపోనాది" అన్నాడు.

ఆ గాజుల గురించి తరవాత కొద్దికొద్దిగా చెప్పాడు. ఎడమ పెట్టెలోవి పల్చటివి, చిన్న దెబ్బకే విరిగేవి ఏరి తెచ్చేవాడు. దళసరి గాజు అయితే గట్టిగా కొట్టాలి, మణికట్టు కోసుకుంటుంది. కొలత కూడా ఒక నెంబరు పెద్దది ఇచ్చేవాడు. "ఆ రోజు ఆ మనిషికి ఎక్కించీటప్పుడు నొప్పుండకూడదు బావా. ఆ రోజు కబుర్లు సెప్పి నవ్వించలేం కదా." ఎడమ పెట్టె గాజులు ఎవరి చేతికీ ఇవ్వడు. అరుగు మీద పెట్టి వచ్చేస్తాడు. ఆ ఇంట మంచినీళ్ళు తాగడు. ఇంటికెళ్ళి బండి కడిగి, తాను స్నానం చేసి, మర్నాడు గానీ కుడిపెట్టె తెరవడు. ఊళ్ళలో ఆడవాళ్ళకి ఈ పద్ధతి తెలిసిపోయింది. ఎక్కడైనా అటువంటిది జరిగితే కబురు పంపేవాళ్ళు. 'ఎడం పెట్టి తెమ్మను' అంటే చాలు.

*

సాలూరులో లారీ లేని వీధి ఉండదంటారు. ఆయన చెల్లెల్ని లారీ నడిపే అతనికే ఇచ్చారు. ఘాట్ రోడ్డులో లారీ లోయలో పడిందని, అతను దానితోపాటే పోయాడని మా షాపుకొచ్చే డ్రైవర్లే చెప్పారు.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. టీ వద్దన్నాడు. బండి పక్కన నిలబడి ఎడమ పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇది తీసీ బావా."

"స్టాండుతో సహానా?"

"పెట్టి తీసీ. రేపు పదోనాడు. సాలూరు యెల్తన్నాను."

నేను పానా అందుకున్నాను. ఆయనే మాట్లాడాడు. "పుట్టింటోలం మేమే కదా గాజులు తేవాల. అమ్మీవోడినీ నానే, ఎట్టీవోడినీ నానే. ఎడం పెట్టి తెరిసినాను బావా పొద్దున్న. దాని నెంబరు రెండు నాలుగు. ఒక నెంబరు పెద్దది తియ్యాల కదా. తీసినాను. మళ్ళీ లోపలెట్టీసినాను."

"మరి ఏం తీసుకెళ్తావు?"

కుడిపెట్టె వైపు చూశాడు.

నాకు లెక్క తప్ప వేరే మాట రాలేదు. "ఎడమవైపు బరువు తీసేస్తే బండి కుడికి లాగుతుంది. రామభద్రపురం దాటాక రోడ్డంతా లారీ గోతులు. పద్దెనిమిది కిలోలు ఒక పక్కే ఉంటే..."

"రాయి ఉండనీ. పెట్టి వద్దు."

పెట్టె విప్పాను. రాయి కడియంలోంచి ట్యూబు ముక్క దూర్చి, స్టాండుకి రెండు చుట్లు వేసి ముడి బిగించాను. కదిలించి చూశాను. కదల్లేదు. ఎడమ పెట్టెని ఏం చెయ్యమంటావని అడిగితే, "నీ కాడే ఉండనీ, మూత తియ్యకు" అన్నాడు. దాన్ని అటక మీద పెట్టాను.

మర్నాడు సాలూరులో ఏం జరిగిందో నాకు ముక్కలుముక్కలుగానే తెలిసింది. కుడిపెట్టె గాజులు వేశాడనీ, అవి పగలలేదనీ, అక్కడ గొడవైందనీ. ఆ చెల్లెలు అన్నగారి ఇంటికి వచ్చేసిందనీ. ఆయన్ని అడిగితే, "అయిపోనాది కదా బావా" అని సంచుల వైపు తిరిగి, ఎప్పుడూ చూసినవే మళ్ళీ చూశాడు.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుని ఉంటే ఆయన వ్యాపారం నడిచిపోయేది. సాలూరు ఎక్కడ, ఆయన తిరిగే గజపతినగరం చుట్టుపక్కల పల్లెలెక్కడ. ఆ మాటే అన్నాను.

"సెప్పకుండా ఆ పిల్లల సేతులెలా అట్టుకుంతాను? పెట్టి అదే కదా. దీంట్లోవే మా సెల్లికి పదోనాడు ఏసినాను అని సెప్తాను. ఏసుకున్నోలు ఏసుకుంతారు."

ఏసుకున్నవాళ్ళు తక్కువ.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అమ్మాయికి ఏడో నెల సీమంతం. మా ఆవిడ ఆయనకే కబురు చేసింది. కుడిపెట్టె భుజాన పెట్టుకుని వచ్చి, గడపకి ఇవతలే దించి, నిలబడే చెప్పాడు. ముత్తయిదువలంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆయన మాట అయ్యేసరికి గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. మా వియ్యపురాలు లేచింది.

"గాజులు కొత్తవే కదా బాబూ?" అంది. మంచిమనిషే, దారి వెతుకుతోంది.

"కట్టలు కొత్తవేనమ్మా. పెట్టి అదే."

"అయితే వద్దులే బాబూ. ఏటనుకోకు. కడుపుతోటున్న పిల్ల."

"మీ తప్పేటీ లేదమ్మా." వంగి పెట్టె అందుకున్నాడు. మా అమ్మాయి అప్పటికే ముందుకి చాచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఆయన ఆ చేతిని చూశాడు. నెంబరు చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. మా ఆవిడ భోజనం చేసి వెళ్ళమని నసిగింది. నేను పెట్టెకి ఒక పక్క పట్టి బండి దాకా వెళ్ళాను. బరువు ఎప్పటిలాగే పద్దెనిమిది కిలోలు. గాజులు బజార్లో కొన్నాం, పేరంటం సాగింది.

తరవాత ఆయన ఇళ్ళకి వెళ్ళడం మానేసి సంతలు పట్టుకున్నాడు. నేలమీద పట్టా పరిచి గాజులు పోసేవాడు. సంతలో ఎవరూ ఏ పెట్టె అని అడగరు, కావలసినవి ఏరుకుని వాళ్ళే వేసుకుంటారు. ఒకసారి వెళ్ళి చూశాను. ఒక పిల్ల చిన్న గాజుని బలవంతంగా ఎక్కించుకుంటూ మొహం చిట్లిస్తోంది. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. ఆ పిల్ల గాజు విరగ్గొట్టేదాకా అలా కదులుతూనే ఉన్నాయి.

*

ఎడమ స్టాండు ఊడి వచ్చింది. దాని కింద బండి రంగు కొత్తదానిలా నల్లగా ఉంది. రాయి ముడి మాత్రం చేత్తో రాలేదు, కత్తితో కోశాను.

"ఆ రాయి మీదంట కదా. ఇచ్చీమన్నాడు" అంది బల్ల మీంచి. "పెట్టి కూడా ఇక్కడే ఉన్నాదంట."

"ఉంది. అటక మీద. దించమంటారా?"

"ఉండనీండి."

కుడి స్టాండు బోల్టుకి కిరసనాయిలు పోసి, నానే దాకా ఆగాను. ఆగినప్పుడు అడగకూడనిది అడిగేశాను. "ఆ రోజు ఏం జరిగిందమ్మా సాలూరులో?"

ఆమె తన గాజుల్ని ఒకసారి మోచేతి వైపు తోసుకుంది.

"ఏటి జరగాల? ఏటి ఒడ్డున కూకున్నాను. నాకేటీ తెలీటం నేదు. అన్న గాజులు తీసినాడు. దళసరివి. నాది రెండు నాలుగు. రెండు రెండు తీసినాడు. సబ్బు రాసి, సెయ్యి నలిపీసి, ఎముక ఇరిగిపోద్దేటి అన్నట్టు ఎక్కించీసినాడు. అలగ నొప్పెట్టడం నాకు ఎప్పుడూ నేదు. రాయట్టుకొచ్చిన ముసిలమ్మ నా సెయ్యి సూసి ఆగిపోనాది. అవి తియ్యడానికి రావు. కొడితే నరం తెగిపోతాది. ఆయమ్మ రాయి కింద పడీసి, ఇదేటి పని నాయినా అన్నాది. అన్న నా పక్కన కూకుని నా సెయ్యి వొగ్గనేదు."

"మంచి పనే చేశాడు."

ఆ మాట ఊరికే అన్నాను. ఆమె నా వైపు సూటిగా చూసింది.

"అందరూ అదే అంతారు. నన్నడిగినాడేటి? నాకు ఇద్దరు మరుదులు, తోటికోడళ్ళు, ఆ ఇల్లు. గాజుల్తో గడప తొక్కొద్దన్నారు. ఊడవు, పగలవు. ఏటి సేస్తాను? ఆడి ఎనకాలే బండెక్కి వొచ్చీసినాను. ఏడాది దాకా ఆడితో మాటాడనేదు. ఒక్క మాట అడిగుంటే నాను పగలగొట్టీ అందును అన్నయ్యా. ఆ రోజైతే అందును."

"ఇప్పుడైతే?"

"ఇప్పుడు అడగడానికి ఆడేడీ?"

నేను మళ్ళీ పానా అందుకున్నాను. ఆయనకి పోయిందేమిటో నాకు తెలుసు, ఇన్నాళ్ళూ అదే తూస్తూ వచ్చాను. ఈమెకి పోయింది ఎప్పుడూ రెండో పక్క పెట్టలేదు. ఇప్పుడు పెడితే ముల్లు ఎటు వాలుతుందో నాకు తెలియడం లేదు. తెలిసినట్టు చెప్పలేను.

ఆయన మంచాన పడ్డాక ఆమే సంతలకి బండి వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టిందట. చేతులు పిసికి ఎక్కించడం అన్న దగ్గర నేర్చుకోలేదట. "నాకు ఎక్కించిన రోజే నేర్సీసుకున్నాను" అంది. ఇక సంతలు చాలవు, ఇళ్ళకి వెళ్తానంది. ఇద్దరు పిలిచారట. ఇంకా ఎంతమంది పిలుస్తారో తెలియదట.

"పిలవకపోతే?"

"పిలిసినోలకే ఏస్తాను. పెళ్ళికి పిలిసినా, పదోనాడుకి పిలిసినా ఇదే పెట్టి. అందుకే ఒకటే సెయ్యమన్నాను. పదోనాడుకి పిలిస్తే మాత్రం ముందు ఆ మనిసినే అడుగుతాను, పల్సటివి కావాలా దళసరివి కావాలా అని."

వెనక కేరియర్ మీద ఒకే పెట్టె అంటే ఎడమ కుడి తేడా ఉండదు, కానీ బరువంతా వెనక చక్రం దాటి పోతుంది, ముందు చక్రం తేలిపోతుంది. అందుకని కేరియర్‌ని అయిదంగుళాలు ముందుకి జరిపి, సీటు చివర మీదికి వచ్చేలా బిగించాను. కుడిపెట్టెనే దాని మీద కూర్చోబెట్టాం. ఆమె పెట్టె మూత తీసి, చెవి ఒగ్గి, బండిని అటూ ఇటూ ఊపింది. అచ్చం ఆయనలాగే. చప్పుడు రాలేదు.

మా ఆవిడ టీ గ్లాసులతో బయటికి వచ్చింది. ఎవరో ఏమిటో లోపలి నుంచి వినే ఉంటుంది. ఆమె గ్లాసు అందుకుంటూ, మొహం చూడకుండా, చేతి వంక చూసింది.

"మీరేనేటి వదినా రెండారమ్మ?"

మా ఆవిడ ఆ చేతుల మీది ఎర్రగాజుల్ని చూసింది. తన చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. నేను ఆ పది కిలోల రాయిని పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాను.

"ఎప్పటి మాట" అంది మా ఆవిడ. "ఒళ్ళొచ్చింది. ఇప్పుడు రెండు ఎనిమిది."

"నొక్కి సూత్తే గానీ సెప్పలేం వదినా."

మా ఆవిడ చెయ్యి చాచలేదు. లోపలికీ వెళ్ళలేదు. ఆమె టీ తాగడం పూర్తి చేసి, గ్లాసు బల్ల మీద పెట్టి, మూత తీసి ఉన్న పెట్టె పక్కన తొందరేమీ లేనట్టు నిలబడింది.